పాఠం 9: పాత పర్సనల్ కంప్యూటర్లలో పవర్ సప్లై – పరీక్ష, సంరక్షణ

9.0 ఉద్దేశాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• పాత కంప్యూటర్లలోని రెండు రకాల పవర్ సప్లైల మధ్య భేదాన్ని వివరించగలుగుతారు.
• పవర్ సప్లైని ముట్టుకునే ముందు పాటించాల్సిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.
• పవర్ సప్లైని వరుస క్రమంలో పరీక్షించి, లోపం ఎక్కడుందో గుర్తించగలుగుతారు.
• దాన్ని దీర్ఘకాలం కాపాడుకునే పద్ధతులను పేర్కొనగలుగుతారు.

9.1 పరిచయం

ఐబీఎం సంస్థ 1981లో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్, 1983లో వచ్చిన పీసీ/ఎక్స్‌టీ, బ్రిటన్‌లో ఎకార్న్ సంస్థ రూపొందించిన బీబీసీ మైక్రో, 1982 నాటి కమడోర్ 64 – ఇవన్నీ ఇప్పుడు నలభై ఏళ్లు దాటిన యంత్రాలు. మన దేశంలో 1984-85లో మొదలైన క్లాస్ పథకం కింద పాఠశాలలకు అందినవి బీబీసీ మైక్రోలే. ఇలాంటి యంత్రాలు ఇప్పటికీ అక్కడక్కడా కళాశాల స్టోరు గదుల్లో, ఇళ్ల అటకల మీద కనిపిస్తాయి.

పాత కంప్యూటర్ చేతికి రాగానే ఎవరికైనా ప్లగ్గు పెట్టి స్విచ్ వేసి చూడాలనిపిస్తుంది. చాలా యంత్రాలు పాడయ్యేది ఆ క్షణంలోనే. ఏళ్ల తరబడి అటక మీద ఉన్నప్పుడు మదర్‌బోర్డు మీది చిప్‌లకు పెద్దగా నష్టం జరగదు. పవర్ సప్లైలోని కెపాసిటర్లు మాత్రం వాడకపోయినా ముసలివవుతాయి. అవి చెడిపోయిన సంగతి మీకు తెలిసేలోగా, ఇప్పుడు ఎక్కడా తయారు కాని చిప్‌లు కాలిపోవచ్చు. హార్డ్ డిస్క్‌లో మిగిలిన ఒకే ఒక్క ప్రతి కూడా దానితోపాటే పోవచ్చు. అందుకే ఈ పాఠానికి మూలసూత్రం ఇది: పవర్ సప్లైని విడిగా పరీక్షించి, అనుమానం తీరిన తరువాతే మదర్‌బోర్డుకు కలపాలి.

9.2 రెండు రకాల పవర్ సప్లైలు

లీనియర్ రకం: ఇందులో ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను తగ్గిస్తుంది. డయోడ్లు ఏసీని డీసీగా మారుస్తాయి. రెగ్యులేటర్ ఐసీ దాన్ని 5 వోల్టుల దగ్గర నిలబెడుతుంది. కమడోర్ 64తో వచ్చే బరువైన నల్లని అడాప్టర్ ఈ రకానిదే. అది 5 వోల్టుల డీసీని, 9 వోల్టుల ఏసీని ఇస్తుంది. లోపల ఎపాక్సీ పోసి బిగించడం వల్ల వేడి సులభంగా బయటికి పోదు. రెగ్యులేటర్ చెడిపోతే 5 వోల్టుల లైను మీదికి అంతకన్నా ఎక్కువ వోల్టేజి వస్తుంది. దాంతో మెమరీ చిప్‌లు కాలిపోతాయి. కాబట్టి ఈ అడాప్టర్ 5.25 వోల్టులు దాటి చూపితే దాన్ని మళ్లీ వాడకూడదు.

స్విచ్చింగ్ రకం: ఐబీఎం పీసీ, ఎక్స్‌టీ, ఏటీ యంత్రాలలో ఉన్నది ఇదే. దీన్నే ఎస్‌ఎంపీఎస్ అంటాం. ఇందులో 230 వోల్టుల ఏసీని ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా డీసీగా మారుస్తారు. అప్పుడు పెద్ద కెపాసిటర్ల మీద 230 × 1.414, అంటే సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. ఈ డీసీని ట్రాన్సిస్టర్లు సెకనుకు వేల సార్లు ఆపుతూ, వదులుతూ చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతాయి. అక్కడి నుంచి +5, +12, –5, –12 వోల్టులు వస్తాయి. ఎక్స్‌టీ పవర్ సప్లై సామర్థ్యం 130 వాట్లు. 1984 నాటి ఏటీలో అది 192 వాట్లు.

9.3 ముందు మీ ప్రాణం

ఎస్‌ఎంపీఎస్‌లోని రెండు పెద్ద కెపాసిటర్లు ఒక్కొక్కటి 330 మైక్రోఫారడ్‌లవి అనుకుందాం. అవి సిరీస్‌లో ఉంటాయి కనుక మొత్తం 165 మైక్రోఫారడ్‌లు. 325 వోల్టుల దగ్గర వాటిలో నిలిచే శక్తి:

½ × 165 × 10⁻⁶ × 325² = 8.7 జౌళ్లు (సుమారుగా)

ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ఈ శక్తి లోపల ఉండవచ్చు. దాన్ని ఖాళీ చేయడానికి తయారీదారు పెట్టిన రెసిస్టర్ తెగిపోయి ఉంటే గంటల తరబడి నిలిచి ఉండవచ్చు. కాబట్టి ఈ నియమాలను తప్పక పాటించండి.

1. ప్లగ్గు తీసి, కనీసం పది నిమిషాలు ఆగి, ఆ తరువాతే మూత విప్పండి.
2. మల్టీమీటర్‌ను 600 లేదా 1000 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి పెద్ద కెపాసిటర్ల మీది వోల్టేజిని కొలవండి.
3. వోల్టేజి ఉంటే 10 కిలో ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కలిపి ఖాళీ చేయండి. పై ఉదాహరణలోని కెపాసిటర్లకు సుమారు 8 సెకన్లు చాలు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి.
4. కరెంటు ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే ఒక చేత్తోనే కొలవండి. రెండో చెయ్యి జేబులో ఉండాలి.
5. గదిలో మీరు ఒక్కరే ఉన్నప్పుడు ఈ పని చేయవద్దు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో పక్కనున్న వారికి ముందే చూపండి.
6. ఆసిలోస్కోప్ నేల క్లిప్పును 325 వోల్టుల వైపు ఎన్నడూ తగిలించకండి. అది ఎర్త్‌కు కలిసి ఉంటుంది కనుక పెద్ద షార్ట్ అవుతుంది.

ఎర్త్ గురించి ఒక మాట. పాత కంప్యూటర్ ఇనుప పెట్టెను తాకితే కొన్ని ఇళ్లలో చెయ్యి జివ్వుమంటుంది. లైన్ ఫిల్టర్‌లోని రెండు చిన్న కెపాసిటర్లు ఫేజ్, న్యూట్రల్ తీగల నుంచి పెట్టెకు కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే పెట్టె మీదికి సుమారు సగం వోల్టేజి వస్తుంది. కరెంటు స్వల్పమే అయినా, అది ఆ సాకెట్టులో ఎర్త్ లేదని చెప్పే హెచ్చరిక. ముందు ఎర్తింగ్ సరిచేయించండి. వీలైతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను మీదే పని చేయండి.

9.4 పరీక్షా క్రమం

మొదటి మెట్టు – కంటితో, ముక్కుతో: లోపల దుమ్ము, చీమల పుట్టలు, ఎండిపోయిన బల్లి ఉన్నాయేమో చూడండి. కెపాసిటర్ల తల ఉబ్బినా, కింద గోధుమరంగు మరక ఉన్నా, చేప వాసన వచ్చినా ఎలక్ట్రోలైట్ కారిందని అర్థం. మెయిన్స్ తీగల దగ్గర పసుపుపచ్చని పారదర్శకమైన చిన్న దిమ్మ మీద వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే ఆగండి. అది కాగితపు కెపాసిటర్. బీబీసీ మైక్రోలలో ఇది తరచు కనిపిస్తుంది. పగుళ్ల గుండా తేమ చేరి, కరెంటు ఇచ్చిన కొద్దిసేపటికి దట్టమైన పొగతో కాలిపోతుంది. అది పనిచేస్తుందో లేదో పరీక్షించనవసరం లేదు. ముందే మార్చేయాలి.

వెనుక 115/230 వోల్టుల మీట ఉంటే అది 230 వైపు ఉందని నిర్ధారించుకోండి. 115 వైపు పెట్టి మన లైనుకు కలిపితే కెపాసిటర్ల మీదికి రెట్టింపు, అంటే సుమారు 650 వోల్టులు వస్తాయి. అవి పేలిపోతాయి.

రెండో మెట్టు – కరెంటు లేకుండా మీటర్‌తో: ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి లోహపు పెట్టెకు నిరోధం 1 ఓమ్‌కు లోపు ఉండాలి. ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి పెట్టెకు కంటిన్యుటీ ఉండకూడదు. స్విచ్ ఆన్‌లో ఉంచి ఫేజ్, న్యూట్రల్ మధ్య కొలిస్తే దాదాపు సున్నా చూపకూడదు. +5, +12 తీగల నుంచి నల్లతీగకు కూడా సున్నా రాకూడదు.

మూడో మెట్టు – లోడుతో, సిరీస్ బల్బుతో: ఎస్‌ఎంపీఎస్‌ను ఖాళీగా నడపకూడదు. ఎక్స్‌టీ పవర్ సప్లైకి +5 లైను మీద కనీసం 2.3 ఆంపియర్లు, +12 లైను మీద 0.4 ఆంపియర్లు ఉండాలి. +5కు 2 ఓమ్‌ల తీగచుట్ట రెసిస్టర్ పెడితే 2.5 ఆంపియర్లు తీసుకుంటుంది. దానిలో 12.5 వాట్ల వేడి పుడుతుంది కనుక 25 వాట్ల రెసిస్టర్ కావాలి. దాన్ని పింగాణీ పలక మీద పెట్టండి. +12కు బైకు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 10 వాట్ల బల్బు సరిపోతుంది.

మెయిన్స్ ఫేజ్ తీగలో ఒక 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టండి. ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డు ఇందుకు బాగుంటుంది. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే లోపల షార్ట్ లేదని అర్థం. నిండుగా వెలిగి అలాగే ఉంటే వెంటనే ఆపండి. బల్బు సిరీస్‌లో ఉన్నప్పుడు లోపలికి పూర్తి వోల్టేజి అందదు కనుక అవుట్‌పుట్ వోల్టేజిలను అప్పుడు కొలవకూడదు.

నాలుగో మెట్టు – నేరుగా కలిపి కొలవడం: లోడును అలాగే ఉంచి, సిరీస్ బల్బు తీసేసి కొలవండి. ఎక్స్‌టీలో పీ8, పీ9 అనే రెండు కనెక్టర్లు ఉంటాయి. నల్లతీగను ఆధారంగా తీసుకుంటే ఈ విలువలు రావాలి:

• ఎర్రతీగ: +5 వోల్టులు (4.75 నుంచి 5.25)
• పసుపుతీగ: +12 వోల్టులు (11.4 నుంచి 12.6)
• తెల్లతీగ: –5 వోల్టులు (4.5 నుంచి 5.5)
• నీలితీగ: –12 వోల్టులు (10.8 నుంచి 13.2)
• నారింజతీగ: పవర్ గుడ్, సుమారు +5 వోల్టులు

పవర్ గుడ్ అనేది వోల్టేజిలన్నీ కుదురుకున్న తరువాత, 100 నుంచి 500 మిల్లీ సెకన్ల ఆలస్యంతో పవర్ సప్లై ఇచ్చే అనుమతి. అది రాకపోతే ప్రాసెసర్ రీసెట్‌లోనే ఉండిపోతుంది. ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగా ఉంటే ఈ తీగను మరిచిపోకండి. అరగంట నడిపాక అన్నింటినీ మళ్లీ కొలవండి.

మదర్‌బోర్డుకు కలిపేటప్పుడు పీ8, పీ9ల నల్లతీగలు మధ్యలో పక్కపక్కన ఉండాలి. తారుమారైతే బోర్డు కాలిపోవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I
1. 230 వోల్టుల లైను నుంచి 325 వోల్టుల డీసీ ఎలా వస్తుంది?
2. సిరీస్ బల్బు ఉన్నప్పుడు అవుట్‌పుట్‌ను ఎందుకు కొలవకూడదు?

9.5 లక్షణాలను బట్టి లోపాన్ని గుర్తించడం

ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోవడం: పవర్ సప్లై ఎక్కడో షార్ట్‌ను గుర్తించి తనను తాను ఆపుకొంటోంది. బోర్డును విడదీసి రెసిస్టర్ లోడుతో పరీక్షించండి. అప్పుడు సరిగా నడిస్తే తప్పు బోర్డుదే. ఐబీఎం పీసీ, ఎక్స్‌టీ బోర్డుల మీద +12 లైనులో ఉన్న చిన్న టాంటలం కెపాసిటర్లు షార్ట్ కావడం చాలా సాధారణం. మంచి పవర్ సప్లైని విప్పి పాడుచేసే ముందు దీన్ని తప్పక చూడండి.

ఫ్యూజు నల్లబడి పోవడం: రెక్టిఫైయర్ గాని, స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్ గాని షార్ట్ అయి ఉంటుంది. కారణం తెలుసుకోకుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టడం మనవైపు అలవాటు. అలా చేస్తే తరువాత కాలేది ఫ్యూజు కాదు, ఇల్లు.

టిక్కు టిక్కుమనే చప్పుడు: పవర్ సప్లై మొదలవడానికి పదేపదే ప్రయత్నిస్తోంది. లోడు చాలకపోయినా, అవుట్‌పుట్ డయోడు షార్ట్ అయినా ఇలా జరుగుతుంది.

రెండు మూడుసార్లు స్విచ్ వేస్తేగాని నడవకపోవడం: చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోయాయి.

9.6 విడిభాగాలు మార్చేటప్పుడు

మెయిన్స్ వైపు ఫేజ్, న్యూట్రల్ మధ్య ఉండే కెపాసిటర్ స్థానంలో ఎక్స్2 తరగతిది, ఎర్త్‌కు కలిసేదాని స్థానంలో వై2 తరగతిది మాత్రమే వేయాలి. ఈ భాగాలు చెడిపోయినా మనిషికి ప్రమాదం లేకుండా ఉండేలా తయారవుతాయి. అదే విలువ గల మామూలు కెపాసిటర్‌కు ఆ హామీ లేదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు అదే కెపాసిటీ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీల రకం తీసుకోండి. ప్లస్, మైనస్ గుర్తులను విప్పకముందే ఫొటో తీసుకోండి. ఒకేసారి అన్నీ విప్పకుండా ఒక్కొక్కటిగా మార్చండి. ప్రతి మార్పు తరువాత మూడో మెట్టు నుంచి పరీక్షను మళ్లీ చేయండి.

9.7 సంరక్షణ

మరమ్మతుతో పని పూర్తికాదు. వాడకుండా ఉంచిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో ఆక్సైడ్ పొర క్రమంగా బలహీనపడుతుంది. అప్పుడప్పుడు కరెంటు అందుతుంటే ఆ పొర నిలబడుతుంది. కాబట్టి మూడు నాలుగు నెలలకొకసారి యంత్రాన్ని అరగంట నడపండి. కోస్తా జిల్లాల్లో తేమ ఎక్కువ కనుక పెట్టెను నేల మీద, గోడకు ఆనించి ఉంచకండి. ఏడాదికొకసారి మెత్తని కుంచెతో దుమ్ము తీసి, బిగుసుకున్న ఫ్యానుకు ఒక చుక్క మిషను నూనె వేయండి. కరెంటు పోయి వచ్చే సమయంలో యంత్రాన్ని స్విచ్ ఆఫ్ చేసి, సరఫరా కుదురుకున్నాక వేయండి.

పవర్ సప్లై పెట్టె మీద ఒక చీటీ అంటించి పరీక్షించిన తేదీ, కొలిచిన వోల్టేజిలు, మార్చిన భాగాలు రాయండి. నిరుడు 5.02 ఉన్నది ఈ ఏడు 4.83 అయితే అది ఇంకా హద్దులోనే ఉన్నా, దిగజారుతున్నదని ఆ చీటీ మీకు చెబుతుంది. మీ తరువాత ఆ యంత్రాన్ని తెరిచేవారికి కూడా అదే ఆధారం.

9.8 సారాంశం

పాత కంప్యూటర్‌లో ముందుగా చెడిపోయేది, చెడిపోతే మిగతావాటిని కూడా పాడుచేసేది పవర్ సప్లై. కంటితో చూడటం, కరెంటు లేకుండా కొలవడం, లోడుతో సిరీస్ బల్బు మీద నడపడం, నేరుగా కలిపి కొలవడం – ఈ నాలుగు మెట్లూ దాటిన తరువాతే దాన్ని మదర్‌బోర్డుకు కలపాలి. మొత్తం పనికి ఒక పూట పడుతుంది. కాలిపోయిన చిప్‌నూ, పోయిన సమాచారాన్నీ తిరిగి తేవడానికి ఎన్ని పూటలైనా చాలవు.

9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. 230 అనేది ఏసీ ఆర్‌ఎంఎస్ విలువ. రెక్టిఫైయర్ తరువాత కెపాసిటర్లు గరిష్ఠ విలువ వరకు, అంటే 230 × 1.414 వోల్టుల వరకు ఛార్జ్ అవుతాయి.
2. బల్బు వద్ద కొంత వోల్టేజి తగ్గడం వల్ల పవర్ సప్లైకి పూర్తి ఇన్‌పుట్ అందదు. అందువల్ల కొలతలు నమ్మదగినవి కావు.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. పవర్ సప్లైని పరీక్షించే నాలుగు మెట్లను వివరించండి.
2. ఎక్స్2, వై2 కెపాసిటర్ల స్థానంలో మామూలు కెపాసిటర్లను ఎందుకు వాడకూడదు?
3. స్విచ్ వేయగానే ఫ్యాను కదిలి ఆగిపోయిన ఎక్స్‌టీ యంత్రంలో లోపాన్ని మీరు ఎలా గుర్తిస్తారు?