మంచు మోసుకొచ్చిన నల్లమట్టి

కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు తెలుగు కుటుంబాల్లో ‘కరిసల్’ అన్న మాట ఇంటి మనిషి పేరులా వినిపిస్తుంది. ఎన్నో తరాల కిందట దక్షిణానికి వలస వచ్చిన మా పెద్దలు ఆ నల్లరేగడినే నమ్ముకుని పత్తి, జొన్న, సజ్జ, మిరప పండించారు. తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఆ వలస కథనే ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా రాశారు. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అలాంటి నేల మీద పెరిగినవాళ్లం కనుక నల్లమట్టి ఎక్కడ కనబడినా మా కాళ్లు ఇట్టే ఆగిపోతాయి.

2024 వేసవిలో మా అబ్బాయి దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చాను. వాడుండేది అమెరికా మధ్య భాగంలోని అయోవా రాష్ట్రంలో, ఏమ్స్ అనే చిన్న ఊళ్లో. చూడటానికి పెద్ద కొండలూ లేవు, సముద్రమూ లేదు. ఊరు దాటితే కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చిక్కుడు. నేను ముప్పై ఏళ్లు వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు అంతకన్నా ఏం కావాలి? కోడలి స్నేహితురాలి తండ్రి ఒక రైతు. ఆయన పొలంలో నడుము లోతు గుంట తీసి చూపించారు. ఆ గుంటలో చూసిందీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మన పాఠకులతో పంచుకోవాలనిపించింది.

మంచు చేసిన దుక్కి

మన కృష్ణా, గోదావరి డెల్టాల ఒండ్రు నది తెచ్చింది. అయోవా నడిమి భాగపు మట్టిని తెచ్చింది మంచు. ఉత్తరాన కెనడా వైపు నుంచి వందల అడుగుల మందాన పేరుకున్న మంచు నాలుకలా జారుతూ, ఇప్పుడు డిమోయిన్ నగరం ఉన్నచోటి దాకా వచ్చింది. స్థూలంగా పద్నాలుగు వేల ఏళ్ల కిందట కరిగి వెనక్కి తగ్గింది. దారిలో పెకలించిన రాళ్లు, నూరిన సున్నపురాయి, ఇసుక, బంకమట్టి అన్నీ ఉన్నవి ఉన్నట్టు అక్కడే వదిలేసింది. ఇలా మంచు వదిలిన కలగూర మట్టిని అక్కడ ‘టిల్’ అంటారు.

నది తెచ్చిన మట్టికీ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. నది జల్లెడ పట్టినట్టు వేరు చేస్తుంది. బరువైన ఇసుక ముందు దిగుతుంది, మెత్తని ఒండ్రు దూరంగా పోయి దిగుతుంది. మంచుకు అలాంటి ఎంపిక లేదు. అందుకే ఆ గుంటలో వేలితో నలిపితే పిండిలా ఉండే మట్టి పక్కనే గులకరాయి తగిలింది. పొలం గట్టు మీద ఒక పెద్ద గ్రానైటు బండ ఉంది. ఆ చుట్టుపక్కల నేలలో అలాంటి రాయి లేదు. ఉత్తరాది నుంచి మంచుతో పాటు ప్రయాణం చేసి వచ్చింది. మా మనవడు దాని మీద కూర్చుని, “తాతయ్యా, ఇది కూడా మనలాగే వేరే ఊరి నుంచి వచ్చిందా?” అన్నాడు. అవునన్నాను.

గడ్డి పెంచిన నలుపు

మంచు వదిలిన టిల్ నల్లగా ఉండదు. అడుగున చూస్తే పసుపు కలిసిన గోధుమ రంగు. పైన అడుగు, అడుగున్నర మాత్రమే నలుపు. ఆ నలుపు గడ్డి చలవ. తెల్లవాళ్లు నాగలి పట్టకముందు అయోవాలో ఎక్కువ భాగం నిలువెత్తు గడ్డిమైదానం. అక్కడివాళ్లు ప్రైరీ అంటారు. ఆ గడ్డి వేర్లు ఆరడుగుల లోతుకు కూడా దిగుతాయి. ఏటా పాత వేర్లలో కొన్ని నేలలోనే చచ్చి కుళ్లుతాయి. చలికాలంలో నేల గడ్డకట్టుకుపోతుంది కనుక ఆ కుళ్లు పూర్తిగా కాలిపోకుండా మిగులుతుంది. టిల్‌లోని సున్నం దాన్ని మట్టి రేణువులకు పట్టి ఉంచుతుంది. ఇలా వేల ఏళ్లు గడిస్తే మట్టి నల్లబడి, చేతిలో గోధుమ రవ్వలా పొడిపొడిగా రాలుతుంది.

ఇక్కడే మన కరిసల్‌కూ దానికీ పోలిక తప్పుతుంది. రెండూ నలుపే, కానీ నలుపు వెనక ఉన్నది వేరు. మన నల్లరేగడిలో సేంద్రియ పదార్థం చాలాచోట్ల ఒక శాతం అటూ ఇటూ. దాని బలమంతా బంకమట్టిలో ఉంది. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, తడిలో అడుగు వేస్తే చెప్పు ఊడి వస్తుంది. అయోవా మట్టిలో సేంద్రియ పదార్థం మూడు, నాలుగు శాతం దాకా ఉంటుంది. నెర్రెలు ఇవ్వదు, కాలికి అంటుకుని వేధించదు. రంగు చూసి ఒకే జాతి అనుకుంటే పొరపాటే.

నీరు ఇంకే నేల అంటే

అక్కడ ప్రతి రకం నేలకూ ఒక పేరుంటుంది. సాధారణంగా దాన్ని మొదట గుర్తించిన చోటికి దగ్గరి ఊరు, వాగు, జిల్లా పేరు పెడతారు. మేం చూసిన గుంటలోనిది ‘క్లారియన్’ నేల. టిల్ మీద, గడ్డి కింద తయారై, నీరు బాగా ఇంకే ప్రైరీ నేలలకు అది చక్కని ఉదాహరణ.

‘బాగా ఇంకడం’ అంటే నీరు ఇసుకలోంచి జారినట్టు జారిపోవడం కాదు. అడుగు లోతు క్లారియన్ మట్టి సుమారు 2 అంగుళాల నీటిని పంటకు అందేలా పట్టి ఉంచుతుంది. మిగిలిందే కిందికి దిగుతుంది. అంటే వేరుకు తడీ ఉంటుంది, గాలీ ఉంటుంది.

ఈ సంగతి వానాకాలం దాకా ఆగి చూడక్కర్లేదు, మట్టి రంగే చెబుతుంది. ఇనుప మేకును గాలిలో వదిలితే తుప్పు రంగు తిరుగుతుంది కదా. నేలలోని ఇనుము కూడా అంతే. గాలి ఆడే మట్టి గోధుమ రంగులో ఉంటుంది. నీరు నిలిచి గాలి అందకపోతే ఇనుము రూపు మారి కరిగి కదిలిపోతుంది, మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. మా గుంటలో నలుపు కింద మూడడుగుల దాకా ఒకే గోధుమ రంగు. బూడిద మచ్చ లేదు. ఆ కింద తెల్లని సున్నపు చుక్కలు. రైతు దాని మీద రెండు చుక్కల పలుచటి ఆమ్లం వేస్తే సోడాలా పొంగింది. పైన వేస్తే పొంగలేదు. ఇన్ని వేల ఏళ్ల వానలు పై సున్నాన్ని కడిగి కిందికి దించాయన్నమాట.

తర్వాత వాలు వెంట రెండు వందల అడుగులు దిగి మళ్లీ తవ్వాం. అక్కడ నలుపు ఇంకా మందం, కానీ దాని కింద బూడిద రంగు, మధ్యమధ్య తుప్పు మచ్చలు. అది ‘వెబ్‌స్టర్’ అనే నేల. పుట్టిన మట్టి ఒకటే, పెరిగిన గడ్డి ఒకటే, కురిసిన వాన ఒకటే. మెరక మీద ఉన్నది క్లారియన్ అయింది, పల్లంలో నీరు నిలిచినది వెబ్‌స్టర్ అయింది. ఒక తల్లి పిల్లలు వేరువేరు ఇళ్లలో పెరిగినట్టు.

మంచి గుణమే ముప్పయింది

1837లో ఇలినాయ్‌లో జాన్ డీర్ అనే కమ్మరి, జిగురు మట్టి అంటుకోని ఉక్కు నాగలి చేశాడు. ఆ తర్వాత ప్రైరీ ఎంతోకాలం నిలవలేదు. ఈనాడు అయోవాలో అసలు గడ్డిమైదానం వెయ్యో వంతు కూడా మిగల్లేదు. ముందుగా దుక్కికి లొంగింది నీరు నిలవని మెరక నేలే. పల్లాల్లో తర్వాత మట్టి గొట్టాలు పాతి నీరు తీసి సాగుకు తెచ్చారు. ఆ గొట్టాల నీటితో పాటు ఎరువుల నైట్రేటు నదుల్లో చేరుతోంది. 2025 జూన్‌లో డిమోయిన్ చుట్టుపక్కల నైట్రేటు ఎక్కువై, ఇళ్ల పచ్చికకు నీళ్లు పెట్టవద్దని నిషేధం పెట్టారు.

మెరక నేలకు వచ్చిన కష్టం వేరు. వాలు ఉంది కనుక నీరు నిలవదు. అదే వాలు మట్టినీ దింపుతుంది. గడ్డి వేర్లు పట్టి ఉంచినన్నాళ్లు అది తెలియలేదు. 2021లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల్లో రంగు చూసి ఒక అంచనా వేశారు. మొక్కజొన్న మండలంలో మూడో వంతు సాగుభూమికి పై నల్లపొర పూర్తిగా పోయిందని, అదీ ఎక్కువగా మెరకల మీదేనని తేల్చారు. ఆ రైతు పొలంలో కూడా మిట్టల నెత్తిన నేల పాలిపోయి ఉంది. “మా తాత కాలంలో అది కూడా నల్లగానే ఉండేది” అన్నారాయన. మాట అంతే. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన నావైపు చూడలేదు.

దారి లేకపోలేదు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం వారు 2007 నుంచి పొలాల్లో వాలుకు అడ్డంగా ప్రైరీ గడ్డి పట్టీలు పెంచి చూశారు. పొలంలో పదో వంతు గడ్డికి వదిలితే కొట్టుకుపోయే మట్టి 90 శాతానికి పైగా తగ్గింది. 2018 నాటి అమెరికా వ్యవసాయ చట్టం వచ్చాక ఈ పట్టీలకు ప్రభుత్వ సాయం కూడా అందుతోంది. అయినా అందరూ వేయరు. ఆ రాష్ట్రంలో సగానికి పైగా భూమి కౌలులో ఉంది. మూడింట రెండొంతులు 65 ఏళ్లు దాటినవారిదని 2022 నాటి సర్వే. కౌలుదారుకు వచ్చే పంట ముఖ్యం, యజమానికి వచ్చే కౌలు ముఖ్యం. మట్టి మాట ఎత్తేదెవరు?

మన గట్ల మాట

ఈ ప్రశ్న వినగానే నాకు మా ఏడెకరాలు గుర్తుకొచ్చాయి. 2023 డిసెంబరులో తూత్తుకుడి, తిరునెల్వేలి జిల్లాల్లో కురిసిన వాన మీకు తెలిసే ఉంటుంది. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో 90 సెంటీమీటర్లకు పైగా పడింది. మా పొలం గట్లు మూడుచోట్ల తెగాయి. భూమి అయిదు వాటాలు. ఒకరు చెన్నైలో, ఒకరు పూణేలో, ఒకరు బెంగళూరులో. ఊళ్లో ఉన్నది వదిన ఒక్కతే. గట్లకు తలా ఇరవై వేలు అడిగితే పూణే అన్నయ్య, “చూడని పొలానికి ఖర్చెందుకురా, అమ్మేద్దాం” అన్నాడు.

అయోవా నుంచి వచ్చాక నేను అందరికీ ఫోన్లు చేశాను. భూమి అమ్మడం, ఉంచుకోవడం ఎవరి ఇష్టం వారిది. కానీ అమ్మేలోగా పోయే మట్టిని ఎవరూ తిరిగి కొనలేరు. ఒక అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. నేను ఎంత చెప్పినా కదలని పూణే అన్నయ్యకు వదిన ఒక్క మాటే చెప్పింది. “పొలం చూడకపోతే పోనీ నాయనా, పొలం పంపిన బస్తాలు తినే కదా చదువుకున్నావు.” అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. వారం తిరిగేసరికి డబ్బు పంపాడు. బెంగళూరు వాటా ఇంకా రాలేదు. అది నేనూ వదినా పంచుకుని వేసుకున్నాం. 2025 ఐప్పసి వానలకు ముందే గట్లు వేయించి, వాటి మీద మా వైపు పశువులు ఇష్టంగా మేసే కొళుక్కట్టై గడ్డి నాటించాం.

హోసూరులో, బరంపురంలో, సోలాపూర్‌లో, యానాంలో ఉన్న మన కుటుంబాల్లో చాలామందికి ఇలాంటి చూడని పొలం ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఈసారి పెళ్లికో, కొలుపుకో ఊరు వెళ్లినప్పుడు ఒక గంట అటు నడవండి. మెరక నెత్తిన రంగు, పల్లంలో రంగు పక్కపక్కన పెట్టి చూడండి. మోచేతి లోతు తవ్వి గోధుమ రంగో, బూడిద రంగో గమనించండి. గట్టు ఎక్కడ తెగిందో కౌలు రైతును అడగండి, బాగుకు అయ్యే ఖర్చులో మీ వాటా ఎంతో కూడా అడగండి. ఆ రెండో ప్రశ్న విన్నప్పుడు అతని ముఖంలో వచ్చే మార్పు కోసమైనా అడగండి.