కనపడని తుపాకీ, కనపడాల్సిన నాయన



ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మనం వేసిన అల్లూరి సీతారామరాజు నాటకం అందరూ చూశారు గదా. అందులో మేం పట్టుకున్న తుపాకులకి ఆ మచ్చల రంగు ఎలా వేశారని ఆరో తరగతి పిల్లలు రోజూ బోరింగు దగ్గర అడుగుతానే ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. చెక్క తుపాకులు మాత్రమే మావి. నాటకంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయే సీన్, తర్వాత సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాటులో పొదల్లో పొంచి ఉండి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్లదొరల మీద దాడి చేసే సీన్ ఉన్నాయి. ఆ రెండో సీన్ కోసం వేసిన రంగు ఇది. అది మేం కలుపుకున్న రంగు, మన్యంలో వాళ్లు వేసుకున్నది కాదు.

అమెరికా లాంటి దేశాల్లో వేటకి పోయేవాళ్లు సొంత తుపాకీకి ఇంటి దగ్గరే ఇట్లాంటి రంగు వేసుకుంటారు. మన దేశంలో అట్లా కుదరదు. అడవి జంతువుల వేటని 1972 నాటి వన్యప్రాణి చట్టం ఆపింది. తుపాకీ ఉండాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. కానీ రంగు వేసే పని నిజం తుపాకీకైనా చెక్క తుపాకీకైనా చాలావరకు ఒకటే.

మొదట మేం చేసిన తప్పు చెప్తాను. గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు డబ్బాలో అడుగున ఉంటే, ఆకులు పచ్చగా ఉంటాయి గదా అని తుపాకీ మొత్తానికి అదే పూసేశాం. చాలా బాగుందనుకున్నాం. ఆ ఆదివారం మా తాత నన్ను చూడటానికి వచ్చాడు. ప్రహరీ దగ్గర కంపలో తుపాకీ పెట్టి, ఎక్కడుందో చెప్పు తాతా అన్నాను. తాతకి ఒక కన్ను సరిగా కనపడదు. అయినా గేటులో నుంచే, "అదిగో, కొత్త ఇత్తడి చెంబు లాగా తళతళలాడతంది" అన్నాడు. నాకు సిగ్గేసింది.

తాత చెప్పింది ఏంటంటే, ముందు చంపాల్సింది మెరుపుని. రంగు సంగతి తర్వాత. గేటు పెయింటు ఎనామెల్, ఆరినాక నున్నగా అద్దం లాగా ఎండని తిప్పి కొడుతుంది. ఆకు మీద కూడా మెరుపు ఉంటుంది గానీ తుపాకీ అంత పొడుగు మెరుపు ఏ ఆకు మీదా ఉండదు. అందుకే విదేశాల వేటగాళ్లు మెరవని రంగే కొంటారు. దాన్ని మ్యాట్ రంగు అంటారు. మేం కొనలేదు. తుపాకీని ఉప్పుకాగితంతో బాగా రుద్ది ఆ పచ్చదనం అంతా గీకేసి, స్ట్రెయిట్ కట్ కట్ట మీది ఎండిన మట్టిని నూరి, పాత ఓణీ గుడ్డలో జల్లించి, ఫెవికాల్, నీళ్లు కలిపి పూశాం. అది ఆరితే మట్టిగోడ లాగా ఉంటుంది, చుక్క మెరుపు ఉండదు. నిజం తుపాకీకైతే ముందు నూనె జిడ్డు లేకుండా తుడవాలంట, లేకపోతే రంగు పెచ్చులూడుతుంది. గొట్టం మూతికి, గురి చూసే అద్దానికి, కదిలే భాగాలకి టేపు అంటించి కప్పెయ్యాలి. రంగు అక్కడ దూరితే తుపాకీ ఇరుక్కుపోతుంది. మా చెక్కదానికి ఆ బాధ లేదు.

రెండోది అంచు. అడవిలో గానీ పొలంలో గానీ గీత గీసినట్టు తిన్నగా ఉండేది ఏదీ ఉండదు. తుమ్మకొమ్మ కూడా వంకర్లు పోతుంది. తుపాకీ గొట్టం మాత్రం స్కేలు లాగా ఉంటుంది. ఒకే రంగు వేస్తే, అది ఎంత మట్టిరంగైనా సరే, ఆ తిన్నటి అంచుని కన్ను పట్టేస్తుంది. మచ్చలు వేసేది అంచుని ముక్కలు చెయ్యడానికే. మచ్చ గొట్టం మధ్యలో ఉంటే లాభం లేదు, అంచు దాటి అవతలి పక్కకి పోవాలి. అప్పుడు ముదురు మచ్చ వెనకాల నీడలో కలుస్తుంది, లేత మచ్చ ఎండలో కలుస్తుంది, మధ్యలో తుపాకీ అనేది కనపడకుండా పోతుంది.

మచ్చలు వేసే పద్ధతి చాలా సరదాగా ఉంటుంది. సరుగుడు ఆకులు, వేపరెమ్మ, తుంగగడ్డి తెచ్చుకుని, మట్టిరంగు ఆరినాక తుపాకీ మీద పరిచి దారంతో లూజుగా కట్టాం. చిన్న స్పాంజి ముక్కని బొగ్గుపొడి రంగులో ముంచి, కాగితం మీద రెండుసార్లు ఒత్తి తడి తీసేసి, ఆకుల మీద నుంచి మెల్లగా అద్దాం. తడి ఎక్కువైతే ఆకు కిందకి కారి బొమ్మ పోతుంది, రెండు తుపాకులు అట్లాగే పాడయ్యాయి. ఆకులు తీసేస్తే వాటి ఆకారం లేత రంగులో మిగులుతుంది, చుట్టూ ముదురు రంగు ఉంటుంది. ఇంకోసారి ఆకుల్ని వేరే వైపు పెట్టి ఆకుపచ్చ డిస్టెంపర్ అద్దాం. పైనుంచి పాత టూత్‌బ్రష్‌తో సున్నం తుంపర కొట్టాం. విదేశాల్లో ఇదే పని స్ప్రే డబ్బాతో చేస్తారు. చివర్లో గొట్టానికి గోనెపీచు రెండు చోట్ల చుట్టాం.

ఇంకో సంగతి. తుపాకీ దగ్గరగా పెట్టుకుని చిన్న చిన్న చుక్కలు వేస్తే అందంగా ఉంటుంది, కానీ ముప్పై అడుగులు వెనక్కి పోతే ఆ చుక్కలన్నీ కలిసి ఒకే రంగైపోతాయి. అందుకని పెద్ద మచ్చలు, వాటిలో చిన్నవి వెయ్యాలి. కళ్లు సగం మూసి చూస్తే ఎక్కడ తప్పుందో తెలిసిపోతుంది. తర్వాత మూడు తుపాకులు, రంగు వెయ్యనిది, గేటు పెయింటుది, మచ్చలది, కంచెలో పెట్టి ఆరో తరగతి పిల్లల్ని వెతకమన్నాం. మొదటి రెండూ వెంటనే దొరికాయి. మూడోది వెతికి వెతికి ఏడుపు మొహం పెట్టారు. అప్పుడు నేను దాన్ని కొంచెం కదిపాను. ఒక్కసారే అందరూ "అక్కా అదిగో" అని అరిచారు. ఎంత రంగు వేసినా కదిలితే అయిపోయినట్టే.

ఈ సంగతులన్నీ మన గుడ్డికొంగకి ముందే తెలుసు. వరిచేలో కూర్చుంటే గోధుమ చారలతో బురదలో కలిసిపోతుంది. కాలితో తొక్కేదాకా కనపడదు. ఎగిరిందంటే రెక్కలు తెల్లగా విప్పుకుంటుంది. మనకి కళ్లు లేవని చెప్పాల్సింది పోయి దానికి గుడ్డికొంగ అని పేరు పెట్టారు! కొర్రమీను వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఎందుకుంటుందో కూడా ఇదే లెక్క. ఎండ పైనుంచి పడి వీపుని తెల్లగా చేస్తుంది, పొట్ట కింద నీడ పడుతుంది. వీపు నలుపు, పొట్ట తెలుపు కలిసి ఆ ఎండనీడల్ని సమానం చేసేస్తాయి. దీన్ని 1890ల్లో అమెరికాలో అబ్బాట్ థాయర్ అనే చిత్రకారుడు వివరించి రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో ఫ్రాన్సు సైన్యం కూడా ఫిరంగుల్ని దాచే పని చిత్రకారులకే అప్పజెప్పింది. మన పోలీసుల ఖాకీ అయితే అంతకంటే పాతది. ఖాక్ అంటే దుమ్ము. 1840ల్లో పెషావర్ వైపు హ్యారీ లమ్స్‌డెన్ అనే దొర తన దళానికి ఆ దుమ్ము రంగు బట్టలు వేయించాడు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. మా నాయన వరిపొలాల్లో ఎలుకబుట్టలు పెడతాడు. సాయంత్రం పెట్టి, చీకట్లో ఒకసారి చూసుకుని వస్తాడు. బురదలో పని కాబట్టి లుంగీ, చొక్కా అన్నీ గట్టు రంగులోనే ఉంటాయి. పోయిన ధనుర్మాసంలో మంచులో రోడ్డు పక్కన నడిచి వస్తుంటే మోటార్‌సైకిల్ తగిలింది. ఎడమకాలి ఎముక విరిగింది. ఆ అబ్బాయి మంచోడే, తనే ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఏడుస్తా ఒకటే మాట అన్నాడంట, "నువ్వు కనపడలేదు పెద్దాయనా, గట్టులో కలిసిపోయావు" అని. నాయన మూడు నెలలు మంచంలో ఉన్నాడు. అమ్మ ఒక్కతే పనికి పోయింది. నేను బడి మానేసి అమ్మతో పోతానన్నాను. నాయన ఒప్పుకోలేదు.

తుపాకీకి రంగు వేస్తున్నంతసేపూ నాకు ఆ మాటే గుర్తొచ్చింది. మేం ఇంత కష్టపడి చేసింది నాయన బట్టలు వాటంతటవే చేశాయి, తప్పు కంటి ముందు చేశాయి.

అమెరికాలో వేటగాళ్లకి కూడా ఈ చిక్కే వచ్చింది. మచ్చల బట్టల్లో పొదలో కూర్చున్న మనిషిని ఇంకో వేటగాడు జంతువనుకుని కాల్చేస్తాడు. అందుకని అక్కడ చాలా రాష్ట్రాల్లో జింకల వేటకి పోయేవాళ్లు మచ్చల చొక్కా మీద కళ్లు జిగేల్‌మనే నారింజ రంగు జాకెట్టు వేసుకోవాలని రూలు పెట్టారు. మరి జింక చూడదా అని నేనూ అడిగాను. జింక కంటికి నారింజ, ఆకుపచ్చ వేరువేరుగా కనపడవంట. పులి నారింజ రంగులో ఉండి కూడా గడ్డిలో దాక్కోగలిగేది అందుకే. మనిషికి కనపడుతుంది, జింకకి కనపడదు. బొమ్మ తుపాకుల మూతికి నారింజ రంగు ఉండాలని కూడా అక్కడ 1988లో చట్టం చేశారు, పోలీసులు నిజందనుకుని కాల్చకుండా. మా తుపాకుల మూతి దగ్గర నారింజ రింగు ఎందుకని స్టేజి కింద నవ్వినవాళ్లకి ఇదే జవాబు.

మిగిలిన నారింజ రంగు నేను సెలవులకి ఇంటికి పట్టుకుపోయాను. నాయన చేతికర్రకి పట్టీలు పట్టీలుగా వేశాను. పగలు భలే కనపడింది. రాత్రి టార్చి వేసి చూస్తే మసకగా, బూడిద రంగు లాగా ఉంది. ఆ రంగు జిగేల్‌మనాలంటే పగటి వెలుతురు కావాలి, అది చీకట్లో పనికిరాదు. తెల్లగుడ్డ దానికంటే నయం. అన్నిటికంటే బాగా పనిచేసింది సైకిల్ షాపులో దొరికే మెరిసే స్టిక్కర్. అది లైటు ఎటునుంచి వచ్చిందో అటే తిప్పి పంపిస్తుంది, అందుకని బండి నడిపేవాడి కంటికే తగులుతుంది. పాత తెల్లపంచె ముక్కకి ఆ స్టిక్కర్లు అడ్డంగా అంటించి, అంచులు సూదితో కుట్టి, భుజాన అడ్డంగా వేసుకునేటట్టు చేసిచ్చాను.

నాయన ముందు ఒప్పుకోలేదు. "పెళ్లికొడుకు లాగా పోవాలా పొలానికి? ఎలుకలు చూసి పారిపోతాయి" అన్నాడు. ఎలుక చీకట్లో వాసనతో, చప్పుడుతో కనిపెడుతుంది గానీ స్టిక్కర్ చూసి కాదని చెప్పాను. అయినా ఆయన మాట ఆయనదే. చేలో ఉన్నంతసేపు దాన్ని మడిచి చొక్కాలో పెట్టుకుంటున్నాడంట. రోడ్డు ఎక్కేముందు తీసి వేసుకుంటున్నాడంట. అమ్మ ఫోనులో చెప్పింది.