మగవారి ఎముకలూ - హార్మోను మందూ

ఎముకలు గుల్లబారడం ఆడవారి జబ్బేనని మన ఇళ్ళలో ఒక నమ్మకం పాతుకుపోయినది. పెద్దాయన పెరట్లో జారి తుంటి విరగ్గొట్టుకుంటే గ్రహచారం అనుకుంటాము గాని, ఆ ఎముక ఎన్నాళ్ళనుంచి పలచబడుతున్నదో విచారించము.

మగవాని ఎముకకు కాపుగా ఉండేవాటిలో టెస్టోస్టెరాన్ అనే హార్మోను ఒకటి. వింత ఏమంటే, దానిలో కొంత శరీరంలోనే ఈస్ట్రోజన్‌గా, అనగా ఆడవారిదని మనం చెప్పుకునే హార్మోనుగా మారి ఎముకను కాపాడుతుంది. 1994లో వైద్యులు 28 ఏళ్ళ యువకుని సంగతి ఒకటి ప్రకటించారు. అతనికి టెస్టోస్టెరాన్‌కు లోటు లేదు. ఈస్ట్రోజన్ మాత్రం ఒంటికి పట్టదు. 204 సెంటీమీటర్ల ఆజానుబాహువు, ఎముకలు చూస్తే గుల్ల!

మరి హార్మోను తగ్గినవారికి దానినే బయటినుంచి ఇస్తే ఎముక గట్టిపడాలి గదా? గట్టిపడినది కూడా. అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 211 మందితో జరిపి 2017లో ప్రకటించిన పరిశోధనలో, ఏడాదిపాటు హార్మోను జెల్ రాసుకున్నవారి వెన్నెముక సాంద్రత పెరిగినది.

అసలు చిక్కు తరువాత వచ్చినది. అక్కడే 45 నుంచి 80 ఏళ్ళ వయసువారిని, గుండెజబ్బు ఉన్నవారిని లేక వచ్చే ప్రమాదం ఉన్నవారిని, సుమారు మూడేళ్ళు గమనించి 2024లో లెక్క చెప్పారు. హార్మోను వాడిన 2,601 మందిలో 91 మందికి ఎముకలు విరిగినవి; ఉత్తి జెల్ రాసుకున్న 2,603 మందిలో 64 మందికే. అంకెలు తారుమారుగా అచ్చయినవేమోనని మేము మళ్ళీ చదివాము. కావు. కారణం ఇదీ అని తేలలేదు. వీరిని ఎముకల బలహీనత చూసి ఎంచుకోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పిట్యూటరీ గ్రంథి లేక వృషణాల జబ్బువల్ల హార్మోను బొత్తిగా పడిపోయినవారికి ఈ చికిత్స అవసరమే. వారు దీన్ని చదివి మందు మానరాదు. ఎముక విరగకుండా ఉండటానికేనంటే వేరే మందులు ఉన్నవి. గుల్లబారిన ఎముకలున్న 1,199 మంది మగవారిలో కొందరికి జోలెడ్రోనిక్ ఆసిడ్ ఏడాదికొకసారి ఎక్కించి చూడగా, రెండేళ్ళలో వెన్నుపూసలు కొత్తగా విరిగినవారు నూటికి 1.6 మంది, మందు లేనివారిలో 4.9 మంది. ఇది 2012 నాటి మాట.

పిల్లలు కావాలనుకునే వయసువారు ఈ హార్మోను జోలికి పోరాదు, వీర్యకణాలు తగ్గిపోతవి. రక్తపరీక్ష ఉదయంపూటే చేయించాలి. తక్కువ వస్తే మరొకనాడు మళ్ళీ చూపించి, ఎముకల సాంద్రత పరీక్ష తనకు అవసరమా అని డాక్టరుగారినే అడగాలి.