విజ్ఞానకల్పనాకథాసంకలనమునకుఁ బ్రమాణ మేది?

గండికోటకు సమీపమునఁ గూడిన పాఠశాలాపండితుల గోష్ఠిలో నొకరు నన్నిట్లడిగిరి: “ఆంగ్లమున వెలసిన విజ్ఞానకల్పనాకథాసంపుటముల వంటిదానిని మనము కూర్చినచో, కథాసరిత్సాగరమునందలి యంత్రకథలను మొదట నుంచవలదా?” ప్రశ్న సమంజసమే. సమాధానము పేరుయొక్క విగ్రహవాక్యముతోఁ బ్రారంభింపవలసియున్నది.

విజ్ఞానముయొక్క కల్పన యని షష్ఠీతత్పురుషముగాఁ గొన్నచో, లేని శాస్త్రమును బుట్టించుట యని యర్థమగును. విజ్ఞానముచేతఁ గల్పన యని తృతీయాతత్పురుషముగాఁ గొనుటయే యుక్తము. అప్పుడు విజ్ఞానము కథకుఁ గరణమగును, కేవలాలంకారము కాఁజాలదు.

సోమదేవుఁడు 11వ శతాబ్దమునఁ గాశ్మీరమందు రచించిన గ్రంథములో మయాసురుని కూఁతురు సోమప్రభ తన సఖి కళింగసేనకుఁ గొయ్యబొమ్మలను జూపును. మేకు తాఁకించినంతనే యొకటి గాలిలో నెగిరి పూలదండ తెచ్చును, ఒకటి నీరు తెచ్చును, ఒకటి యాడును, ఒకటి మాటలాడును. పృథ్వీయంత్రము తలుపులు మూయుననియు, జలయంత్రము సజీవమువలెఁ దోఁచుననియు, తేజోయంత్రము జ్వాలలు గ్రక్కుననియు, వాయుయంత్రము రాకపోకలు సలుపుననియు, ఆకాశయంత్రము స్పష్టముగాఁ బలుకుననియు నామె విభజించి చెప్పును. దీనిని జూపి పూర్వులకు నిజముగా నట్టి యంత్రము లుండెనని వాదించువారు గలరు. కవి కల్పించినదానిని వడ్రంగి చేసెననుట కవికి సత్కారము కాదు.

గండికోట కా పేరు తెచ్చిన పెన్న గండినే యుదాహరణముగాఁ గొందము. ఒకఁడు మంత్రము జపించి దీనిని దాఁటినచో నది యద్భుతకథ. మేకు నొక్కఁగాఁ గొయ్యపక్షి దాఁటించినచో నది యంత్రకథ. ఆ పక్షి యొక్క మనుష్యుని భారమునే మోయఁగలదనియు, బిడ్డ యావలియొడ్డునను, తల్లిదండ్రు లిరువురు నీవలియొడ్డునను జిక్కిరనియుఁ జెప్పి, ఆ భారనియమము నుండియే కథ నడపినచో నది విజ్ఞానకల్పన.

అమెరికాదేశపు విజ్ఞానకల్పనారచయితల సంఘమువారి మతములను గైకొని రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1970లోఁ గూర్చిన ‘ది సైన్స్ ఫిక్షన్ హాల్ ఆఫ్ ఫేమ్’ మొదటి సంపుటమున 26 కథలు గలవు. అందు టామ్ గాడ్విన్ 1954లోఁ బ్రకటించిన ‘ది కోల్డ్ ఈక్వేషన్స్’ నా మాటకు సాక్షి. రోగులకు మందుఁ గొనిపోవు నంతరిక్షనౌకలో, నడపువాని బరువునకే లెక్కించి యింధనము నింపిరి. అన్నను జూచు నాశతో నొక బాలిక యందు దాఁగి వచ్చినది. నడపువానికి దయ కలదు, ఇంధనము పెరుఁగదు. బాలిక మరణింపవలసివచ్చినది. ఆ సంపుటమందలి కథలన్నియు నిట్టివే యని చెప్పను. జెరోమ్ బిక్స్‌బీ 1953లో వ్రాసిన బాలుని కథలో వాని యిచ్ఛయే సర్వము. అదియు నందుఁ జేరినది.

ఈ దృష్టితోఁ జూచినచో, గండికోటకు నుత్తరమున నున్న నంద్యాలప్రభువు కృష్ణరాజునకుఁ బింగళి సూరన 16వ శతాబ్దమునఁ గృతి యిచ్చిన కళాపూర్ణోదయము నాకు మఱింత సన్నిహితముగాఁ దోఁచును. బ్రహ్మ సరస్వతికిఁ జెప్పిన కథ, చెప్పిన పిదప జరుగును. పలికిన వాక్కు తప్పదను నొక్క నియమమునకుఁ బాత్రలన్నియు లోఁబడును. అయినను నది వాఙ్నియమము, ప్రకృతినియమము కాదు. కావున సూరనను, సోమప్రభను గూడఁ బీఠికలోనే యుంచుఁడని చెప్పితిని. ఆ పండితు లొప్పుకొనలేదు. సోమప్రభ పంచభూతవిభాగము నాఁటి ప్రకృతిశాస్త్రమే కదా యని వారి యాక్షేపము. ఆ విభాగమువలనఁ గళింగసేన కథ యెచ్చట మలుపు తిరిగినదో చూపుఁడని నేనడిగితిని. వారు గ్రంథము తెచ్చుటకై లేచిరి.