టక్‌.. టక్‌.. ఈ శబ్దం ఎక్కడిదో చెప్పగలరా?

‘కారు మలుపు తిప్పినప్పుడు టక్‌.. టక్‌.. అని శబ్దం వస్తోంది. ముందు ఏ పార్టు చూస్తావ్‌?’

మెకానికల్‌ ఇంజినీరింగ్‌ పూర్తయ్యాక నా మొదటి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది. మార్కుల మెమోలో 78 శాతం ఉంది. నోట్లో మాత్రం జవాబు లేదు. ‘సస్పెన్షన్‌ ప్రాబ్లమ్‌ సర్‌’ అన్నాను. ‘సస్పెన్షన్‌లో ఏది?’ అన్నారు. నీళ్లు నమిలాను. ఇంటర్వ్యూ అక్కడితో ముగిసింది.

ఆ తర్వాత నాలుగు నెలలు విజయవాడ ఆటోనగర్‌లో ఓ షెడ్డులో పని నేర్చుకున్నా. అక్కడ విప్పిన మొదటి యాక్సిలే ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది.

శబ్దంతోనే మొదలు

స్విఫ్ట్‌, ఐ10 లాంటి కార్లలో ఇంజిన్‌ శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది. గేర్‌బాక్స్‌ నుంచి ఒక్కో చక్రానికి ఒక్కో డ్రైవ్‌ షాఫ్ట్‌ ఉంటుంది. షెడ్డుల్లో దీన్నే యాక్సిల్‌ అంటారు. దీనికి రెండు చివర్లా సీవీ జాయింట్లు. చక్రం పక్కకు తిరిగినా, గుంతల్లో పైకీ కిందికీ ఊగినా దానికి ఒకే వేగం అందించడం వీటి పని. బయటి జాయింట్‌లో సాధారణంగా ఆరు ఉక్కు బాల్స్‌, వాటి చుట్టూ గ్రీజు, పైన రబ్బరు బూటు ఉంటాయి. బూటు చిరిగితే గ్రీజు పోతుంది, దుమ్ము, నీళ్లు లోపలికి చేరతాయి. బాల్స్‌ తిరిగే గాడులు అరుగుతాయి. అప్పుడే మలుపులో టక్‌ టక్‌!

శబ్దం మారితే అనుమానించాల్సిన పార్టూ మారుతుంది.

• యాక్సిలరేటర్‌ తొక్కినప్పుడు వణుకు: లోపలి సీవీ జాయింట్‌
• గుంతల్లో దడదడ: లింక్‌ రాడ్‌, లోయర్‌ ఆర్మ్‌ బుష్‌, బాల్‌ జాయింట్‌
• ఆగి ఉన్న కారులో స్టీరింగ్‌ తిప్పితే పైనుంచి కటకట: స్ట్రట్‌ మౌంట్‌ బేరింగ్‌

వరుస తప్పితే నష్టమే

హబ్‌ నట్‌ చాలా బిగుతుగా ఉంటుంది. అందుకే చక్రాలు నేల మీద ఉండగానే దాన్ని వదులు చేస్తారు. జాకీ మీద ఉన్న కారును అంత బలంగా కుదిపితే పడిపోవచ్చు. ఆ తర్వాతే కారు లేపి స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కిందికి దూరకూడదు. చక్రం తీశాక లోయర్‌ ఆర్మ్‌ బాల్‌ జాయింట్‌ను వేరు చేస్తే నకిల్‌ పక్కకు జరుగుతుంది, షాఫ్ట్‌ బయటి చివర హబ్‌లోంచి వస్తుంది. బ్రేక్‌ క్యాలిపర్‌ విప్పాల్సి వస్తే తీగతో పైకి కట్టాలి, గొట్టానికి వేలాడదీయకూడదు.

నా తప్పు తర్వాతి మెట్టులో జరిగింది. గేర్‌బాక్స్‌ లోపల షాఫ్ట్‌ను చిన్న సర్‌క్లిప్‌ పట్టి ఉంచుతుంది. జాయింట్‌ కప్పు దగ్గర లివర్‌ పెట్టి మీటాలి. నేనేమో షాఫ్ట్‌ పట్టుకుని బలం కొద్దీ లాగాను. లోపలి జాయింట్‌ ఊడిపోయి, బాగున్న బూటు కాస్తా చిరిగింది. మేస్త్రి అరవలేదు. ‘చదువుకున్నోడివి కదా తమ్ముడూ, అది దేన్ని పట్టుకుని ఉందో చూసి లాగొద్దూ?’ అన్నాడంతే. కొత్త బూటు కిట్‌ డబ్బులు నేనే కట్టా.

బిగించేటప్పుడు కొత్త ఆయిల్‌ సీల్‌, కొత్త హబ్‌ నట్‌ వేసి మాన్యువల్‌లోని టార్క్‌కే బిగించాలి. గేర్‌ ఆయిల్‌ కారిపోయినంత మళ్లీ పోయాలి. లోయర్‌ ఆర్మ్‌ బుష్‌ బోల్టులను కారు బరువు చక్రాలపై పడ్డాకే పూర్తిగా బిగించాలి. లేదంటే రబ్బరు మెలిపడి త్వరగా పాడవుతుంది. చివరగా వీల్‌ అలైన్‌మెంట్‌.

స్ట్రట్‌ విషయంలో మరింత జాగ్రత్త. కంప్రెసర్‌తో స్ప్రింగ్‌ను నొక్కిపెట్టకుండా పై నట్‌ విప్పితే ప్రాణం మీదికి వస్తుంది. యూట్యూబ్‌ చూసి ఒంటరిగా ప్రయత్నించొద్దు.

ఎక్కడ పనికొస్తుంది?

సర్వీస్‌ అడ్వైజర్‌, వారంటీ విభాగం, వాహన టెస్టింగ్‌, బీమా సర్వేయర్‌ వంటి పనుల్లో రోజూ ఇదే అవసరం. అసిస్టెంట్‌ మోటార్‌ వెహికల్‌ ఇన్‌స్పెక్టర్‌ ఉద్యోగానికి సిద్ధమయ్యేవారికీ ఉపయోగమే. ఎలక్ట్రిక్‌ కార్లు వస్తే ఈ పని పోతుందేమోనన్న భయం అక్కర్లేదు. ఇంజిన్‌ పోయినా డ్రైవ్‌ షాఫ్ట్‌, సస్పెన్షన్‌ అందులోనూ ఉంటాయి.

డిగ్రీ, డిప్లొమా వాళ్లు నాట్స్‌ పోర్టల్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌ వెతుక్కోవచ్చు. ఐటీఐలో మెకానిక్‌ మోటార్‌ వెహికల్‌ రెండేళ్ల ట్రేడ్‌ ఉంది. ఇవేవీ కుదరకపోతే సెలవుల్లో దగ్గర్లోని షెడ్డుకి వెళ్లి అడగండి. చూసిన ప్రతి పనికీ నోట్సు రాసుకోండి: కస్టమర్‌ చెప్పిన శబ్దం, మేస్త్రి అనుమానించిన పార్టు, విప్పాక దొరికిన అసలు లోపం.

రెండో ఇంటర్వ్యూకి నేను అలాంటి నోట్సే తీసుకెళ్లా. చిరిగిన బూటు కథ కూడా దాచకుండా చెప్పా. ఈసారి సంభాషణ నలభై నిమిషాలు సాగింది. సర్వీస్‌ ఇంజినీర్‌గా నా తొలి ఉద్యోగం అదే.