విదేశవిద్యకు ధనసహాయము: వెదుకవలసిన కాలము



నేను 32 ఏండ్లు పల్లెబడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. విదేశముల పైచదువులను గూర్చి ప్రసంగించుటకు ఇతనికేమి యర్హతయని మీరడుగవచ్చును. ఒక తప్పు చేసి, దాని ఫలమును కన్నులార చూచినవాడ ననునదియే నా యర్హత.

14 ఏండ్ల క్రిందట నా శిష్యుడొకడు పట్టభద్రుడగుచు, ఇంగ్లండులో పైచదువునకు పోవలెనను కోరికతో నాయొద్దకు వచ్చెను. "ధనమెట్లు పంతులుగారూ?" అని వాని తండ్రి యడిగెను. "ముందు సీటు రానిమ్ము. స్కాలర్‌షిప్పు మాట పిమ్మట చూచుకొందము" అంటిని. సీటు ఏప్రిలు మాసమున వచ్చినది. అప్పుడు స్కాలర్‌షిప్పులకై వెదుకగా, ఒకదాని గడువు జనవరిలోను, వేరొకదానిది అంతకుముందటి అక్టోబరులోను, అన్నిటికంటె ఘనమైనదాని గడువు కడచిన యేటి వానకాలముననే ముగిసియుండెను. తండ్రి కాలువక్రింది రెండెకరముల మాగాణి అమ్మెను. కుర్రవాడు చదివి వృద్ధికి వచ్చినాడు. పొలము మాత్రము తిరిగి రాలేదు. నేటికిని ఆ గట్టుమీదుగా నడచునపుడు నా మాట నాకే వినబడుచుండును.

కావున ఈ విషయమున కాలజ్ఞానమే ముఖ్యము. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునే ఉదాహరణముగా గైకొందము. మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1936 మొదలు 1952 వరకు ఆచార్యపదవి నధిష్ఠించిన స్థలమది. అచ్చట చదువులు అక్టోబరులో ఆరంభమగును. ప్రవేశమునకు దరఖాస్తులను అంతకుముందటి సెప్టెంబరులో తీసికొన మొదలిడుదురు. విషయమునుబట్టి డిసెంబరులోగాని జనవరిలోగాని ప్రధానమైన గడువు ముగియును. ఇది ప్రవేశపు వాకిలి. ధనపు వాకిలి వేరు, అది తెరచు కాలమును వేరు.

రోడ్స్ స్కాలర్‌షిప్పు చూడుడు. 1902లో మరణించిన సెసిల్ రోడ్స్ తన మరణశాసనముచే దీనిని నెలకొల్పెను. దక్షిణాఫ్రికా వజ్రపు గనులలో గడించిన ధనమది. ఎవరి నేలనుండి, ఎవరి చెమటనుండి వచ్చినదని దానిని నిందించువారు నేటికిని కలరు, ఆ నింద నిరాధారము కాదు. భారతీయులకు 1947 నుండియు, స్త్రీలకు 1977 నుండియు ఇది లభించుచున్నది. కన్నడ నాటకకర్త గిరీశ్ కర్నాడు దీనితోనే ఆక్స్‌ఫర్డు చేరెను. చదువు రుసుము, భోజనవసతులు, ప్రయాణవ్యయము అన్నియు వారే భరింతురు. దరఖాస్తుకు రుసుము లేదు. అయితే మనదేశమువారికి ఈ వాకిలి జూన్ మాసమున తెరచి, వానకాలము నడుమనే మూతపడును. అనగా ఒక అక్టోబరులో విమానమెక్కదలచినవాడు దాదాపు 15 నెలల ముందే దరఖాస్తు పంపవలెను. అప్పటికి విశ్వవిద్యాలయమువారు తమ దరఖాస్తులనైనను తెరచియుండరు! "ముందు సీటు" అను నా యుపదేశమెంత పెడత్రోవయో ఇప్పుడు మీకు తెలిసియుండును.

క్లారెండన్ స్కాలర్‌షిప్పు ఇందుకు భిన్నము. 2001లో విశ్వవిద్యాలయమువారే, తమ ముద్రణాలయపు ధనము ఊతగా, దీనిని స్థాపించిరి. ఏటేట 200 మందికి పైగా ఇత్తురు. ఏ దేశమువారైనను, ఏ విషయమైనను అభ్యంతరము లేదు. దీనికి వేరుగా దరఖాస్తు లేదు. డిసెంబరు లేక జనవరి గడువులోపల ప్రవేశపు దరఖాస్తు పంపినచో తమంతతామే పరిశీలింతురు. కొన్ని చదువులకు గడువు దాటిన పిమ్మటను, ఖాళీలున్నంతవరకు, దరఖాస్తులు తీసికొందురు. అట్లు పంపినవానికి సీటు రావచ్చును గాని క్లారెండన్ రాదు. ఒక్క వారము ఆలస్యమునకు ఇంతటి మూల్యము!

కామన్వెల్తు, చీవ్నింగు అనునవి బ్రిటిషు ప్రభుత్వపు ధనముతో నడచునవి. వీనికి శరత్కాలమున దరఖాస్తులు పంపవలెను. చీవ్నింగునకు రెండేండ్ల ఉద్యోగానుభవము వలయును. చదువు ముగిసిన పిమ్మట స్వదేశమునకు వచ్చి రెండేండ్లుండవలెనను నియమమును కలదు. ఇన్‌లాక్స్ సంస్థవారో, ప్రవేశపత్రము చేతనున్నవారి దరఖాస్తులనే చూతురు. చూచితిరా, ఒకరికి ప్రవేశము ముందు, ఒకరికి ధనము ముందు! అందువలన ప్రతిదానికిని గడువు తేదీ వేరువేరుగ వ్రాసి గోడకు తగిలించుకొనవలెను. మనము పంచాంగము తగిలింపమా?

1892లో జంషెడ్జీ టాటా స్థాపించిన నిధి యొకటి కలదు. అది దానము కాదు, ఋణము. చదివి తిరిగి చెల్లింపవలెను. పేరులో స్కాలర్‌షిప్పు అని యున్నంతమాత్రమున ధనము ఉచితమని తలపరాదు.

ప్రభుత్వపు సహాయములలో కేంద్రమువారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు 1954-55 నాటిది. షెడ్యూల్డు కులములవారు, సంచారజాతులవారు, భూమిలేని వ్యవసాయకూలీలు, సాంప్రదాయిక చేతిపనివారు దీనికర్హులు. ఇటీవలి నియమములలో ఏటికి 125 స్థానములు. కుటుంబాదాయము 8 లక్షలు మించరాదు. వయస్సు 35 లోపుండవలెను. మన సంస్కృతిని, చరిత్రను విదేశమున చదువగోరువారికి 2022లో దీనిని నిలిపివేసిరి. సంస్కృతాంధ్రములతో బ్రదుకు గడపిన నాకది రుచింపలేదు. అయినను నియమము నియమమే.

తెలంగాణములో అంబేద్కరు పేరను, జ్యోతిబా ఫూలే పేరను విదేశవిద్యానిధులు కలవు. 20 లక్షల వరకు ఇత్తురు. కాని ఆ ధనము విద్యార్థి విదేశము చేరినట్లు పత్రములు చూపిన పిమ్మట వాయిదాలుగా వచ్చును. కావున ప్రయాణమునకును తొలి రుసుమునకును వేరొక యేర్పాటు తప్పదు. ఆంధ్రప్రదేశమున ఇట్టి పథకముల పేర్లును షరతులును ప్రభుత్వములతో మారుచు వచ్చినవి. ఆ యేటి ఉత్తరువునే చూడవలెను.

ఈ తొలినాళ్ల ధనపు చిక్కు క్రొత్తది కాదు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డునకు పోయినది, మామగారిచ్చిన సొమ్ముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సహాయముతోను. బోస్టను చేరిన పిమ్మట అవి చాలక, ఆ వైద్యుడు ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పనిచేసి చదువుకొనెను. సముద్రవ్యాపారమున గడించిన ఒక పుణ్యాత్ముని ధర్మము, పిమ్మట లోకమునకే ఔషధములు కూర్చిన చేతికి ఊతమైనది. మన జిల్లాలలో నేడును ఇట్టి ధర్మనిధులు ఉండవచ్చును. ఊరి సత్రపు కాగితములను, కులసంఘముల నియమావళులను చదివి చూడవలసినవారము మనమే గదా!

స్కాలర్‌షిప్పు రానిచో బ్యాంకు ఋణమున్నది. సాధారణముగా ఏడున్నర లక్షలు మించినచో ఇల్లో పొలమో హామీ యడుగుదురు. అయితే తాము ఎంచుకొన్న ప్రఖ్యాత విశ్వవిద్యాలయములకు హామీ లేకయే పెద్దమొత్తము లిచ్చు బ్యాంకులును కలవు. ఇది తెలియక పొలము బేరమునకు పెట్టువారిని చూచితిని. ఇంకొకమాట: ఇంగ్లండు వీసాకు చూపు సొమ్ము వరుసగా 28 దినములు ఖాతాలో నిలిచియుండవలెను. తుదివారమున చేబదులు తెచ్చి వేసిన లాభము లేదు. మూడువేలు కట్టుడు, స్కాలర్‌షిప్పు ఇప్పింతుమను మధ్యవర్తులను గుమ్మమెక్కనీయకుడు.

సిఫారసు లేఖలను గూర్చి కొంచెము చెప్పవలెను. ఆక్స్‌ఫర్డువారు సామాన్యముగ మూడు లేఖ లడుగుదురు. మన పండితులకు శ్లాఘ వ్రాయుట వచ్చును, సాక్ష్యము వ్రాయుట రాదు. నేనును "సుగుణసంపన్నుడు, సరస్వతీపుత్రుడు" అని యెందరికో వ్రాసితిని. దానివలన చదువరికి ఏమియు తెలియదు. ఏ ప్రయోగమున ఏ చిక్కు వచ్చినది, దానినెట్లు విడదీసెను, అని ఒక్క సంగతి వ్రాసిన చాలును. ఆ లేఖకై అధ్యాపకుని రెండునెలల ముందే అర్థింపవలెను.

ఇక మన పెద్దలు చేయదగిన పని యొకటి. పదవతరగతి పత్రమున ఇంటిపేరు ఒక్క అక్షరముగ నుండును. పాస్‌పోర్టులో నిండుగా నుండును. ఆధారులో మరియొక వరుస. పేరు కలియక ఎన్నో దరఖాస్తులు నిలిచిపోవును. ఆదాయపత్రము, కులపత్రము తహసీలుదారు కార్యాలయమునుండి వచ్చుటకును దినములు పట్టును.

ఆ రైతు కూతురిబిడ్డ యిప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. పోవుటకు రెండేండ్ల వ్యవధి కలదు. మొన్న జూన్‌లో తాతగారు ఆ పిల్ల కాగితములన్నియు గుడ్డసంచిలో మా యరుగుమీదికి తెచ్చిరి. పదవతరగతి పత్రమున ఇంటిపేరునకు ఒక్క అక్షరమే యున్నది. మేము అక్కడినుండి మొదలిడితిమి.