ఆరోగ్యానికి మరో కొలత: తన పని తాను చేసుకోగలగడం

మన పెద్దవాళ్లను ఏం కావాలని అడిగితే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఎవరి చేతా చేయించుకోకుండా, కాళ్లూ చేతులూ ఆడుతుండగానే వెళ్లిపోవాలి." షుగరు ఇంత ఉండాలి, బీపీ అంత ఉండాలి అని ఎవరూ మొక్కుకోరు. లేచి నడవాలి, తమ స్నానం తాము చేయాలి, తమ ముద్ద తాము తినాలి. అంతే. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఎదురుచూపులూ ఇలాంటివే. మెడ ఎప్పుడు నిలుపుతుంది, ఎప్పుడు కూర్చుంటుంది, తొలి అడుగు ఎప్పుడు వేస్తుంది అని చూస్తారు.

ఆసుపత్రిలో మాత్రం మాటంతా రిపోర్టుల చుట్టూ తిరుగుతుంది. న్యుమోనియాతో చేరిన 75 ఏళ్ల పెద్దాయన ఉన్నారనుకుందాం. జ్వరం తగ్గింది, ఎక్స్‌రే బాగుంది, డిశ్చార్జి రాశారు. ఇంటికి వచ్చాక బాత్‌రూమ్ దాకా కూడా నడవలేకపోతున్నారు. జబ్బు పడకముందు వీధి చివరికి వెళ్లి పాలప్యాకెట్టు తెచ్చిన మనిషి ఆయన. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి కానీ మనిషి కోలుకోలేదు. ఈ తేడాను పట్టుకోవడానికి వైద్యంలో ఒక పద్ధతి ఉంది. దాన్ని ఫంక్షనల్ అసెస్‌మెంట్ అంటారు. రోగి రోజువారీ పనుల్లో ఏవి చేసుకోగలుగుతున్నారు, ఏవి చేసుకోలేకపోతున్నారు అని పద్ధతి ప్రకారం చూసి, రాసిపెట్టుకోవడమే అది. పిల్లల విషయంలో దీనికి ఎదుగుదల పరీక్ష కూడా తోడవుతుంది. జబ్బు పేరు తెలుసుకోవడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

పుట్టిన మొదటి నిమిషం నుంచే

ఈ పరీక్ష మనం పుట్టిన నిమిషానికే మొదలవుతుంది. న్యూయార్క్‌లో మత్తు వైద్యురాలిగా పనిచేసిన వర్జీనియా ఆప్గార్ 1952లో రూపొందించి, మరుసటి ఏడు ప్రచురించిన పద్ధతి నేటికీ ప్రసూతి గదుల్లో వాడుకలో ఉంది. గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, తాకితే స్పందించే తీరు, ఒంటి రంగు అనే అయిదు అంశాలకు తలా 0 నుంచి 2 మార్కులు వేస్తారు. 1 నిమిషానికి ఒకసారి, 5 నిమిషాలకు మరోసారి చూస్తారు. 7 లేదా అంతకు మించి వస్తే బిడ్డ బాగానే ఉన్నట్టు లెక్క. బిడ్డకు ఆ క్షణంలో సాయం కావాలా అన్నది తేల్చడానికే ఈ మార్కులు. పెద్దయ్యాక తెలివితేటలు ఎలా ఉంటాయో ఇవి చెప్పవు. తక్కువ మార్కులు వచ్చాయని బెంగపెట్టుకున్న తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరైనా విడమరిచి చెప్పాలి.

ఆ తర్వాత ఎదుగుదలను నాలుగు వైపుల నుంచి గమనిస్తారు. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం వంటి పెద్ద కదలికలు మొదటివి. చేతివేళ్ల నేర్పు రెండోది, మాట మూడోది, మనుషులతో కలిసే తీరు నాలుగోది. తెలుగిళ్లలో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు చేసి పంచే ఆనవాయితీ ఉంది. వేడుకే అయినా, బిడ్డ ఏ నెలలో ఏం చేసిందో ఇంటిల్లిపాదికీ గుర్తుండిపోయే ఏర్పాటు అది. డాక్టరు "ఎప్పుడు బోర్లా పడింది?" అని అడిగినప్పుడు ఆ జ్ఞాపకం బాగా పనికొస్తుంది.

అయితే ఏ మైలురాయికీ ఒకే తేదీ ఉండదు. భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వివరాలు ప్రకటించింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. సొంతంగా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య రావచ్చు. నూటికి నలుగురు పిల్లలు మోకాళ్ల మీద పాకకుండానే నడక నేర్చారు. కాబట్టి పక్కింటి బిడ్డ పదో నెలలో నడిచిందని మన బిడ్డ గురించి హడావిడి పడక్కర్లేదు. అలాగని గడువు దాటిపోయాక కూడా "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అంటూ కూర్చోకూడదు.

ఒక పెన్సిలు, ఒక కాగితం

ఎదుగుదలను చూడడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదని చూపించిన పరీక్ష ఒకటి మన దేశంలోనే తయారైంది. తిరువనంతపురంలోని చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ రూపొందించిన ఈ చార్టు 1991లో వెలువడింది. పుట్టినప్పటి నుంచి 2 ఏళ్ల వరకు పనికొచ్చేలా అందులో 17 అంశాలే ఉంటాయి. మనిషిని చూసి నవ్వడం, కదిలే పెన్ను వెంట చూపు తిప్పడం, వస్తువును ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకోవడం, చిన్న గింజను వేళ్లతో పట్టి తీయడం, రెండు మాటలు పలకడం వంటివి. కాగితం మీద నెలలు అడ్డంగా వరసగా ఉంటాయి. ఒక్కో అంశం ఏ నెల నుంచి ఏ నెల లోపు రావాలో ఒక్కో పట్టీగా గీసి ఉంటుంది. బిడ్డ వయసు దగ్గర పెన్సిలును నిలువుగా పెడతారు. దానికి పూర్తిగా ఎడమవైపున మిగిలిపోయిన పట్టీల్లోని పనులన్నీ బిడ్డకు వచ్చి ఉండాలి. ఒక్కటి రాకపోయినా నిపుణుల దగ్గరకు పంపాలి. శిక్షణ పొందిన అంగన్‌వాడీ కార్యకర్త కొద్ది నిమిషాల్లో చేయగల పని ఇది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు లెక్క మారుతుంది. 40 వారాలకు బదులు 32 వారాలకే పుట్టిన బిడ్డకు ఇప్పుడు 6 నెలలైతే, 2 నెలలు తీసేసి 4 నెలల బిడ్డగా చూడాలి. 2 ఏళ్లు వచ్చేదాకా ఈ సవరణ పాటిస్తారు. ఇది తెలియక లేని లోపాన్ని ఉందనుకుని కుమిలిపోయే తల్లులు ఉన్నారు. ఇక ఒక హెచ్చరిక ఏ వయసు పిల్లలకైనా వర్తిస్తుంది. వచ్చిన మాటలు పోయినా, నడిచే బిడ్డ నడక మానేసినా ఆగి చూసే పని కాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలను అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పరీక్షిస్తారు. లోపం అనుమానిస్తే జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీ) పంపుతారు. మేధోపరమైన వైకల్యాల విషయంలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఉంది. ఆటిజం తీవ్రతను కొలవడానికి దేశమంతా వాడే భారతీయ కొలమానం తయారైంది అక్కడే. ఈ సేవలు మన చేతికందే దూరంలో ఉన్నాయని చాలా కుటుంబాలకు ఇంకా తెలియదు.

నేర్చిన వరసలోనే కోలుకోవడం

పెద్దల దగ్గరకు వద్దాం. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడు, ఆయన బృందం తుంటి ఎముక విరిగిన వృద్ధులను, ఇతర దీర్ఘరోగులను ఓపికగా గమనించి 1963లో ఒక జాబితా ప్రచురించారు. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లి రావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, అన్నం తినడం. ఈ ఆరు పనుల్లో ఏవి సొంతంగా చేసుకుంటున్నారు అన్నదే ప్రశ్న. ఆయన గమనించిన విశేషం ఏమిటంటే, ఈ సామర్థ్యాలు ఒక వరసలో పోతాయి. ముందు స్నానానికి సాయం కావాల్సి వస్తుంది, తర్వాత బట్టలకు, అలా పోతూ పోతూ తినడం అన్నిటికన్నా చివర పోతుంది. కోలుకునేటప్పుడు తినడం ముందు వస్తుంది, స్నానం చివర వస్తుంది. పసిబిడ్డ ఈ పనులను నేర్చుకునే వరసా దాదాపు ఇదేనని కాట్జ్ రాశారు. పిల్లల మైలురాళ్లనూ పెద్దల సామర్థ్యాలనూ ఒకే చూపుతో చూడవచ్చని ఆ పరిశీలన తేల్చింది.

వీటికన్నా ముందే జారిపోయే పనులు మరికొన్ని ఉన్నాయి. 1969లో లాటన్, బ్రోడీ వాటిని ఎనిమిదిగా పేర్చారు. ఫోను వాడడం, సరుకులు తేవడం, వంట, ఇంటిపని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్కలు. మతిమరుపు జబ్బు తొలి జాడలు చాలాసార్లు వీటిలోనే కనిపిస్తాయి. బ్యాంకు పనులు తనే చూసుకునే నాన్నగారు ఒకే కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, ఏళ్లుగా పప్పుచారు పెట్టిన అమ్మ ఒకరోజు తాలింపు వేశానో లేదో తేల్చుకోలేకపోవడం అలాంటివే. ఒక్కసారి జరిగితే దానికి పేరు పెట్టక్కర్లేదు. తరచూ జరుగుతుంటే మాత్రం పట్టించుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. జీవితంలో ఎన్నడూ పొయ్యి ముట్టించని తాతయ్యకు వంట రాదని మార్కులు తీసేయకూడదు. మొదట్లో మగవాళ్లను వంట, ఇంటిపని, ఉతుకుడు గురించి అడగకుండానే లెక్కించేవారు. ఎవరినైనా వాళ్ల నిన్నటితో పోల్చి చూడాలి.

ఇంకో జాగ్రత్త మన ఇళ్లకు సంబంధించినది. విదేశీ ప్రశ్నావళిలో స్నానం అంటే టబ్బు, షవరు. మనకు బకెట్టు, మగ్గు, కింద పీట. మన వృద్ధులకు నేల మీద కూర్చుని లేవడం, నాటు మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోవడం, పంచె బిగించడం, చీర కుచ్చిళ్లు పోసుకోవడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం అసలు పరీక్షలు. ఏళ్ల తరబడి చీర కట్టిన పెద్దావిడ ఉన్నట్టుండి నైటీకి మారితే, సౌకర్యం కోసమేనా, భుజం పైకి లేవకనా, వేళ్లు పట్టు తప్పడం వల్లనా అని మెల్లగా అడిగి తెలుసుకోవాలి.

మూడు మీటర్ల నడక

పెద్దల నడకను ఇంట్లోనే అంచనా వేయదగిన పరీక్ష ఇది. 1991 నుంచి వాడుకలో ఉంది. చేతుల కుర్చీలో కూర్చున్న మనిషి లేచి, మామూలు వేగంతో 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి మళ్లీ కూర్చోవాలి. రోజూ వేసుకునే చెప్పులే వేసుకోవచ్చు, చేతికర్ర ఉంటే పట్టుకోవచ్చు. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే కింద పడే ప్రమాదం ఉందని అనుమానించాలి. అయితే అనుభవం ఉన్న ఫిజియోథెరపిస్టు చూపు గడియారం మీదకన్నా మనిషి మీదే ఎక్కువ ఉంటుంది. లేవడానికి ఎన్నిసార్లు ఊగారు, అడుగులు చిన్నవిగా పడుతున్నాయా, చేతులు ఊగుతున్నాయా, గోడ కోసం తడుముకుంటున్నారా, తిరిగేటప్పుడు తూలారా, కుర్చీలో కూలబడ్డారా అని చూస్తారు. వీటిలో ప్రతి ఒక్కటీ కారణం వైపు దారి చూపిస్తుంది. తూలిపోయే అవకాశం ఉన్నవాళ్లకు ఈ పరీక్ష చేసేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండి తీరాలి.

కాళ్ల బలం ఎంత త్వరగా పోతుందో 2007లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచం మీదే ఉంచితే కాళ్లలోని కండ దాదాపు కిలో తగ్గింది. జబ్బుతో పడుకున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అందుకే డాక్టరు అనుమతి ఇచ్చిన రోజు నుంచే పెద్దవాళ్లను కూర్చోబెట్టాలి, నిలబెట్టాలి, నాలుగడుగులు వేయించాలి.

చదువు రానివారికి వేరే ప్రశ్నలు

జ్ఞాపకశక్తిని కొలవడానికి 1975లో వచ్చిన 30 మార్కుల ప్రశ్నావళి ప్రపంచమంతా పాకింది. అందులో వాక్యం రాయమంటారు, 100లోంచి 7 చొప్పున తీసివేస్తూ పొమ్మంటారు. బడి ముఖం చూడని రైతుకు ఆ మార్కులు రాకపోతే అది జబ్బు కాదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దేందుకు హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం 1995లో హిందీ పరీక్ష తయారైంది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో పరీక్షలు రూపొందాయి. పరీక్షకు ముందు కళ్లజోడు పెట్టించాలి, వినికిడి యంత్రం ఉంటే తగిలించాలి. వినపడని ప్రశ్నకు జవాబు రాకపోతే దాన్ని మతిమరుపుగా రాసే పొరపాటు ఎక్కడైనా జరగవచ్చు.

నిన్నటిదాకా బాగున్న వృద్ధులు ఒకటి రెండు రోజుల్లోనే తికమకపడి మాట్లాడినా, మంచం దిగలేకపోయినా "వయసైపోయింది" అని వదిలేయవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు వంటివి కారణం కావచ్చు. ఇవి చికిత్సకు లొంగేవి. జ్వరం కూడా రాకుండానే వృద్ధుల్లో జబ్బు ఇలా బయటపడవచ్చు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు. గంట కూడా ఆలస్యం చేయకూడదు.

చేయగలరా, చేస్తున్నారా?

ఈ రెండు ప్రశ్నలూ వేరు. ప్రేమ ఎక్కువైన ఇంట్లో నాలుగేళ్ల బిడ్డకు కూడా అమ్మే కలిపి నోట్లో పెడుతుంది. కోడలు "మీకెందుకత్తయ్యా, నేను చేస్తాగా" అని ఆవిడను వంటింటి ఛాయలకు రానివ్వదు. చేయగలిగిన పని మానేస్తే కొన్నాళ్లకు చేసే శక్తీ పోతుంది. మరోచోట శక్తి ఉన్నా ఇల్లే అడ్డుపడుతుంది. మోకాళ్లు ఒకేలా అరిగిన ఇద్దరిలో, కమోడు, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉన్న ఇంట్లోని మనిషి తన పని తాను చేసుకుంటారు. అవి లేని ఇంట్లోని మనిషి తోడు కోసం ఎదురుచూస్తారు. అందుకే 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన ఐసీఎఫ్ పద్ధతి శరీర లోపంతోపాటు పనులను, నలుగురిలో పాలుపంచుకోవడాన్ని, పరిసరాలను కూడా కలిపి చూడమంటుంది. వైకల్య సర్టిఫికెట్‌లో ఉండే శాతం పింఛనుకు, హక్కులకు అవసరమే. ఆ మనిషి రోజు ఎలా గడుస్తోందన్నది మాత్రం అంకె ఒక్కటే చెప్పలేదు.

పరీక్ష చేసి కాగితం ఫైల్లో పెట్టేస్తే ప్రయోజనం లేదు. స్నానం కష్టమైతే ప్లాస్టిక్ స్టూలు, జారని చాప వేయాలి. నడక తడబడితే ఫిజియోథెరపీ ఇప్పించాలి. మాట రాని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష, తర్వాత స్పీచ్ థెరపీ చేయించాలి. మందులు కలగాపులగమైతే పూటకో గడి ఉన్న డబ్బా కొనాలి.

ఈ వ్యాసం చదివినవారు ఒక పని చేయండి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఏ నెలలో ఏం నేర్చిందో తేదీలతో రాసిపెట్టండి. పెద్దవాళ్లుంటే కాట్జ్ చెప్పిన ఆరు పనులు, లాటన్ చెప్పిన ఎనిమిది పనులు ఒక కాగితం మీద రాసి, ఏది సొంతంగా చేసుకుంటున్నారో గుర్తుపెట్టండి. ఆరు నెలలకోసారి, ప్రతి ఆసుపత్రి చేరికకు ముందూ తర్వాతా మళ్లీ చూడండి. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు రిపోర్టులతోపాటు ఆ కాగితాన్నీ ముందు పెట్టి, "మళ్లీ మునుపటిలా తన పని తాను చేసుకోవాలంటే ఏం చేయాలి?" అని అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది. దానికి జవాబు చెప్పడం వైద్యంలో భాగమే.